పదీ అయిదుకి మోగిన ఫోను

రేవు నుంచి,
తుఫాను దాటిన ఆరో రోజు

అక్కకి తమ్ముడు రాసేది.

ఉత్తరం మొదట్లో "ఇక్కడ అందరం క్షేమం" అని రాయాలని మన బడి పంతులు చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. ఆయన నేర్పినవాటిలో నాకు మిగిలింది అదొక్కటే. కాబట్టి రాస్తున్నాను: ఇక్కడ అందరం క్షేమం. కొందరు పూర్తిగా, కొందరు సగం.

నా మైకు షాపు పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. ఒకటి పోస్టాఫీసు మెట్ల మీద దొరికింది. ఇంకొకటి మంగలి షాపులో సరిగ్గా కుర్చీలోనే ఆనుకుని కూర్చుంది. "గడ్డం గీసి పంపించనా, ఊరికే పంపించనా?" అని అడిగాడు మంగలి. పెద్ద హారను చేపల షెడ్డు వెనక బురదలో బోర్లా పడి ఉంది. తిరగేస్తే లోపల పీత. తాతల నాటి ఇల్లు అన్నట్టు కాళ్ళు బారజాపుకుని ఉంది. దాన్ని ఖాళీ చేయించేసరికి నా చూపుడువేలు చితికింది. అక్షరాలు వంకరగా ఉంటే పీతని తిట్టు, నన్ను కాదు.

గాలి వల్ల మనుషులకేం కాలేదు. ముందు రోజే అందర్నీ బడి మేడ మీదికి ఎక్కించాం. ఎక్కించాం అంటే నా గొంతు ఎక్కించిందన్నమాట. వలలు అల్లే పిన్ని "నా మేకని వదిలి రాను" అని గుమ్మంలో కూర్చుంటే, "పిన్నీ, మేకకీ చోటుంది, పైన ఇప్పటికే నలభై ఉన్నాయి, రెండు కాళ్ళవి" అని మైకులో అరిచాను. తిట్టుకుంటూ వచ్చింది. మేక కూడా తిట్టుకుంటూనే వచ్చింది.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. గాలి వెళ్ళిపోయింది, ఎండ కాసింది, జనం ఇళ్ళకి దిగి బురద ఎత్తిపోసుకుంటున్నారు. మధ్యాహ్నం మూడింటికి నది వచ్చింది. పైన చుక్క వాన లేదు, కింద నిలువెత్తు నీళ్ళు. సముద్రం పోటు మీద ఉంది, నీళ్ళు లోపలికి రానివ్వనంది. నది ఆగనంది. ఇద్దరి మధ్యా మన కింద వీధి. ఏడిళ్ళు పోయాయి. మనుషులు దక్కారు. చుక్కాని మాత్రం, వాడే, పడవ నడిపే నా చిన్ననాటి నేస్తం, పడవ తాడు బిగించడానికి రేవులోకి దిగాడు. పడవకీ రాతిగోడకీ మధ్య ఇరుక్కున్నాడు. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

గేట్లెత్తే ముందు ఒక్క మాట చెప్పలేదని ఊరంతా డ్యామ్ వాళ్ళని తిడుతోంది. నేనేమీ అనడం లేదు. ఫోన్లన్నీ పోయాయి కదా, వాళ్ళు మాత్రం ఎలా చెబుతారు?

బావ ఎలా ఉన్నాడు? నా గురించి ఏమైనా అన్నాడా? అంటే, అడిగాడా అని.

తమ్ముడు


డ్యామ్ క్వార్టర్స్ నుంచి,
పన్నెండో రోజు

ఒరేయ్,

మీ బావని సస్పెండ్ చేశారు. ముందు ఆ మాట చదువు, తర్వాత పీత గురించి నవ్వుకోవచ్చు.

నీకు గేట్ల సంగతి తెలియదు, అందుకని మొదటి నుంచీ చెబుతాను. తుఫాను రెండు రోజుల దూరంలో ఉండగానే ఆయన పై ఆఫీసుని అడిగారు. రెండు గేట్లు ఒక్కో అడుగు ఎత్తుదాం, నీళ్ళు మెల్లగా పోతాయి, రిజర్వాయరులో చోటు మిగులుతుంది అన్నారు. వేసవికి నీళ్ళు కావాలి, ముట్టుకోవద్దు అన్నారు వాళ్ళు. తుఫాను మీ మీదుగా దాటి కొండల్లో కూర్చుంది. రాత్రికి రాత్రే మట్టం పైగీతకి వచ్చింది. పొద్దున అదే ఆఫీసు వైర్‌లెస్‌లో చెప్పింది, పన్నెండు గేట్లూ ఎత్తెయ్యమని.

ఎత్తే ముందు దిగువకి ఫోను చేయాలి. గోడ మీద అంటించిన కాగితంలో మీ ఊరివి మూడు నెంబర్లున్నాయి: రేవు ఆఫీసు, పోలీసు స్టేషను, పోస్టాఫీసు. మూడూ పలకలేదు. అప్పుడాయన నాలుగో నెంబరు ఏదో తిప్పారు. డ్యూటీ రిజిస్టరులో ఇలా రాశారు: "పదీ అయిదు. దిగువకి ఫోనులో కబురు చెప్పాను. విన్నారు."

ఎవరికి చెప్పావని విచారణ అధికారి అడుగుతున్నాడు. ఈయన చెప్పడం లేదు. పేరు లేదు, నెంబరు లేదు, కనుక అది దొంగరాత అంటున్నారు. రుజువు కాకపోతే ఉద్యోగం పోతుంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. కాలు పోయిన మనిషి కాగితాలు కూడా ఆ ఫైలులోనే ఉన్నాయి. ఆ కాలు కూడా ఈయన నెత్తి మీదే వేస్తారు.

విచారణ వచ్చే నెల రెండో సోమవారం.

ఫోను ఎత్తిన మనిషి మీ ఊళ్ళోనే ఉన్నాడు. విని, ఊరుకున్నాడు. నీకు ఊళ్ళో తెలియని గుమ్మం లేదు. అతనెవరో కనుక్కో.

నీ గురించి ఆయన ఏమీ అనలేదు. అడగనూ లేదు.

అక్క


రేవు నుంచి,
పంతొమ్మిదో రోజు

అక్కకి,

నువ్వు అప్పజెప్పిన పని మీద నాలుగు రోజులు తిరిగాను. నా చెప్పులు అరిగాయి, నా పరువు అంతకుముందే అరిగి ఉంది కనుక దానికేం కాలేదు.

ముందు పోస్టుమాస్టరు. తుఫాను రోజు నుంచీ ఫోను చచ్చిందన్నాడు. నమ్మకుండా చెవి దగ్గర పెట్టుకుని చూశాను. లోపల నుంచి నీళ్ళు కారాయి, నా చెవిలోకి. తర్వాత పోలీసు స్టేషను. కానిస్టేబులు "నీకెందుకు?" అన్నాడు. "మా అక్క అడగమంది" అన్నాను. "మీ అక్క ఎవరు?" అన్నాడు. "నువ్వు అదృష్టవంతుడివి, నీకు తెలియదు" అన్నాను. వాళ్ళ ఫోనూ పోయింది. రేవు ఆఫీసులో ఫోనే కాదు, ఫోను పెట్టిన బల్ల కూడా లేదు. గుమస్తా కిటికీలోంచి చెయ్యి చాపి సముద్రం వైపు చూపించాడు.

అదీ సంగతి. ఎవరూ ఎత్తలేదు. ఒక మాట అంటాను, కోప్పడకు. ముప్పై గంటలు కన్ను మూయని మనిషికి మోగనిది మోగినట్టూ, పలకనిది పలికినట్టూ ఉంటుంది. ఫోనుని నమ్మకూడదని బావకి నాకంటే బాగా తెలియాలి. పోయినేడాది పెద్ద ఇంజనీరు గొంతుతో నేను చేసిన ఫోను మర్చిపోయావా? "తనిఖీకి వస్తున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకుని కొలకర్ర పట్టుకుని గేట్ల మీద నిలబడు" అంటే, పాపం పది నుంచి నాలుగు దాకా ఎండలో నిలబడ్డాడు. తనిఖీకి వచ్చింది ఒక్క కుక్క. క్వార్టర్స్ అంతా వారం రోజులు నవ్వింది. ఆ రోజు బావ నాతో అన్న మాట గుర్తుందా? "ఒరేయ్ బామ్మర్దీ, ఎప్పుడో ఒకప్పుడు నీ మైకుతోనే ఊరందరి ముందూ నిన్ను వెర్రివాణ్ణి చేయకపోతే చూడు" అన్నాడు.

కనుక బావ "ఫోను కలవలేదు, తొందరలో కలిసిందని రాశాను" అని చెప్పేస్తే మంచిదేమో. లైన్లు తెగాయన్నది అందరికీ తెలిసిన నిజం. తప్పు తుఫానుది అవుతుంది. తుఫానుని ఎవరూ సస్పెండ్ చేయలేరు.

చుక్కానిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. చంకకర్రలు నేనే చేయించాను, కొంచెం పొడవయ్యాయి. "ఒరేయ్, నువ్విచ్చిన ప్రతిదీ నా మీద వేళాకోళమే" అన్నాడు. కోసి పొట్టి చేశాను.

తమ్ముడు


డ్యామ్ క్వార్టర్స్ నుంచి,
ఇరవై నాలుగో రోజు

ఒరేయ్,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. సస్పెన్షను కాగితం వచ్చాక మొదటిసారి నవ్వారు. "అయితే అలాగే చెబుతాను, వాడు చెప్పినట్టే" అన్నారు.

అలా చెబితే ఏమవుతుందో నీకు తెలుసా? రిజిస్టరులో దొంగరాత రాశానని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు. ఆ రోజే ఇంటికి పంపేస్తారు. వారంలో క్వార్టర్ ఖాళీ చేయాలి.

డ్యామ్ మీద అడుగు పెట్టవద్దన్నారు. కిటికీలోంచి చూస్తే నీటిమట్టం రాయి సగం కనిపిస్తుంది. గంటకోసారి లేచి వెళ్ళి చూస్తారు, చేతిలో పెన్ను ఉంటుంది, రాయడానికి పుస్తకం ఉండదు. పాత కేలెండరు వెనక రాస్తున్నారు. నిన్న పక్కింటావిడ వచ్చి మా వంటగది కొలుచుకుని వెళ్ళింది. వాళ్ళాయనకి ఈ క్వార్టరు వస్తుందని ఎవరో చెప్పారట. "నీళ్ళ తొట్టి ఉంచి వెళతారా?" అని అడిగింది. ఉంచుతానన్నాను.

మూడు ఫోన్ల సంగతి వివరంగా రాశావు. టెలిఫోను ఎక్స్ఛేంజి గోడకి ఆనుకునే నీ షాపు ఉంది. తీగ పది గజాలు కూడా ఉండదని నువ్వే గొప్పలు చెప్పేవాడివి. నీ షాపు ఫోను బతికిందా, చచ్చిందా? అది రాయలేదు.

అక్క


రేవు నుంచి,
ఇరవై తొమ్మిదో రోజు

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. మూడింటిలో మొదటి వాక్యం జోకు వచ్చింది. చించేశాను.

మొన్న ఊరి పెద్దలు నలుగురు షాపుకి వచ్చారు. ముందస్తు కబురు లేకుండా గేట్లెత్తిన ఆపరేటరుని శిక్షించాలని అర్జీ రాశారు. అతను మా బావ అని వాళ్ళకి తెలియదు. డ్యామ్‌లో ఎవరో ఉన్నారని తెలుసు, అంతే. సంతకాలు పెట్టడానికి రమ్మని మైకులో చెప్పమన్నారు. రిక్షాకి హారను కట్టుకుని ఊరంతా తిరిగాను. "మన ఏడిళ్ళు ముంచిన మనిషికి, మన చుక్కాని కాలు తీసిన మనిషికి శిక్ష పడాలంటే అందరూ తరలి రండి" అని. రాసిచ్చింది అలాగే ఉంది, అలాగే చదివాను. నా గొంతు ఖంగుమంది. ఏం గొంతురా అన్నారు ఒకరిద్దరు.

వలల పిన్ని అందరికంటే ముందు వేలిముద్ర వేసింది. ఇల్లు పోయినవాళ్ళు ఏడుగురూ వేశారు. నన్నూ పెట్టమన్నారు. పెట్టాను. చుక్కాని మాత్రం "చెయ్యి వణుకుతోంది, తర్వాత చూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

అక్కా, ఆ ఫోను ఎత్తింది నేనే.

ఊళ్ళో బతికింది నా ఫోనొక్కటే. తుఫాను మర్నాడు పొద్దున పదింటికి, రేకులు లేని షాపులో ఎండలో కూర్చుని ఉన్నాను. చుక్కాని ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. ఫోను మోగింది.

"హలో, మైకు షాపు. పెళ్ళికా, చావుకా?" అన్నాను ఎప్పట్లాగే.

"ఒరేయ్, నేను, బావని. పన్నెండు గేట్లూ ఎత్తుతున్నాం. మూడింటికల్లా మీకు నీళ్ళొస్తాయి. మైకు తీసుకో, కింద వీధి ఖాళీ చేయించు."

"అలాగే బావా. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకోమంటావా?"

"ఒట్టురా, వేళాకోళం కాదు. వింటున్నావా?"

"వింటున్నా, వింటున్నా. నా దగ్గరా బావా నీ కుప్పిగంతులు?" అని పెట్టేశాను.

"ఎవర్రా?" అన్నాడు చుక్కాని. "మా బావ. నిరుటి ఎండకి కచ్చ తీర్చుకుంటున్నాడు. ఊరు ఖాళీ చేయించాలట" అన్నాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. వాడికి టీ పొలమారింది.

అంతటితో ఊరుకున్నా కొంత నయం. పావుగంట తర్వాత రేవు గుమస్తా వచ్చి, ప్రమాదం తప్పింది, అందరూ ఇళ్ళకి వెళ్ళి శుభ్రం చేసుకోవచ్చని మైకులో చెప్పమన్నాడు. వాడు ఒక్కసారి చాలన్నాడు. మూడుసార్లు చెప్పాను. జనాన్ని బడి మేడ మీద నుంచి కింద వీధిలోకి దింపింది నేనే. నీళ్ళొచ్చేసరికి వాళ్ళు ఉండాల్సిన చోట లేకుండా చేసింది నా గొంతే.

మూడింటికి నీళ్ళు చూశాక కూడా నేను నోరు విప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. మొదటి రోజు, "తర్వాత చెబుదాం" అనుకున్నాను. చుక్కానికి కాలు తీసిన రోజు అది "తర్వాత" కూడా కాకుండా పోయింది. వాడికి ఆ ఫోను సంగతి గుర్తుందో లేదో తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఊళ్ళో చెబితే నన్ను బతకనివ్వరు. నాకీ మైకు తప్ప ఇంకో పని రాదు. అందుకే బావ మీదికి తోశాను. ఇప్పుడు నువ్వేమన్నా పడతాను.

తమ్ముడు


డ్యామ్ క్వార్టర్స్ నుంచి,
ముప్పై మూడో రోజు

ఒరేయ్,

నాకు తెలుసు.

ఆ పొద్దున నేను గేట్ల గదిలోనే ఉన్నాను. ముందు రోజు నుంచీ ఆయన ఏమీ తినలేదని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళాను. మూడు నెంబర్లూ పలకకపోతే నీ నెంబరు చెప్పింది నేనే. "వద్దు, వాడు నమ్మడు" అన్నారాయన. "ఇలాంటప్పుడు కూడా నమ్మకుండా ఉంటాడా, మా తమ్ముడు" అన్నాను. నా చేత్తోనే తిప్పి ఇచ్చాను. నీ వేళాకోళం పక్కనున్న నాకూ వినిపించింది. ఆయన ఫోను పెట్టేసి, "విన్నానన్నాడు" అని, రిజిస్టరులో అలాగే రాసి గేట్ల దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ తిప్పడానికి వ్యవధి లేదు. నేను తిప్పాను, రెండుసార్లు. ఎంగేజి వచ్చింది, నువ్వు ఫోను సరిగ్గా పెట్టి ఉండవు.

నీ పేరు చెప్పమని మొదటి రోజు నుంచీ ఆయనతో పోట్లాడుతున్నాను. "చెబితే ఆ ఊరు వాణ్ణి చంపుతుంది. నాకు పోయేది ఉద్యోగమే" అన్నారు. నేను చెబుతానంటే ఒట్టు వేయించుకున్నారు. ఫోను ఎత్తిందెవరో కనుక్కోమని నీకు రాసింది అందుకే. నీ అంతట నువ్వు చెబుతావని చూశాను. పోస్టాఫీసు ఫోనులోంచి నీ చెవిలోకి నీళ్ళు కారిన సంగతి నువ్వు రాసిన రోజు, ఒక తోబుట్టువు ఉన్నాడన్న సంగతే మర్చిపోవాలనుకున్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. నాకు రెండు వైపులా సొంతవాళ్ళే.

ఏడుపులు వద్దు. సోమవారం వచ్చి అధికారి ముందు చెప్పు. కానీ ముందు అక్కడ చెప్పు, మీ ఊళ్ళో, నీ మైకులోనే. అక్కడ చెప్పకుండా ఇక్కడికి వస్తే నా గుమ్మం ఎక్కకు.

అక్క


రేవు నుంచి,
ముప్పై ఎనిమిదో రోజు

అక్కా,

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు చుక్కాని ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. "ఆ రోజు ఫోను..." అని మొదలుపెట్టగానే "తెలుసు" అన్నాడు. గోడవైపు తిరిగాడు. ఎంతసేపు కూర్చున్నా ఇటు తిరగలేదు. వాళ్ళావిడ వచ్చి "నిద్రపోనీ అన్నయ్యా" అంది. ఆమెకి ఇంకా తెలియదు.

అక్కణ్ణుంచి రిక్షా ఎక్కి మైకు పట్టుకున్నాను. "ఊరి జనులారా, డ్యామ్ ఆపరేటరు ముందే కబురు చెప్పాడు. ఆ కబురు విన్నది నేను. వేళాకోళం అనుకుని మీకు చెప్పలేదు. తప్పు నాది" అన్నాను.

నవ్వారు అక్కా. మంగలి కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "ఈసారి కొత్త వేషం కట్టాడ్రా!" అన్నాడు. పిల్లలు రిక్షా వెంట పరిగెత్తారు. రెండో వీధిలో మళ్ళీ చెప్పాను, ఇంకా నవ్వారు. ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు మరి, ఎక్కడికి పోతుంది?

మైకు కట్టేసి, ఇల్లు పోయిన ఏడుగురి దగ్గరికీ నడిచి వెళ్ళాను. గొంతు పెంచకుండా చెప్పాను. అప్పుడు నమ్మారు. ఒకాయన చెయ్యి ఎత్తాడు, కొట్టలేదు, కొడితే బాగుండేది. వలల పిన్ని "మేకని కూడా దింపించావు కదరా" అంది. మేక కొట్టుకుపోయిన సంగతి నీకు రాయలేదు. నా వేలు సంగతి రాశాను.

చిన్న ఉత్తరం ముక్క కూడా నాతో చదివించుకునే మనిషి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

సోమవారం వస్తున్నాను. నాతో ఎవరూ రావడం లేదు.

తమ్ముడు


డ్యామ్ క్వార్టర్స్ నుంచి,
విచారణ మర్నాడు

ఒరేయ్,

నువ్వు చెప్పాల్సింది చెప్పి, నా ముఖం చూడకుండా పన్నెండు గంటల బస్సు ఎక్కి పారిపోయావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

నీ మాట అధికారి నమ్మలేదు. "బావని కాపాడుకోవడానికి బామ్మర్ది చెప్పే మాట ఇది. పైగా ఇతను ఆ అర్జీలో సంతకం కూడా పెట్టాడు. ఏ నోటిని నమ్మాలి?" అన్నాడు. ఫైలు మూసేయబోయాడు. నేను వరండాలో బల్ల మీద ఉన్నాను, తలుపు తీసే ఉంది, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. నేనే లేచి లోపలికి వెళ్ళబోయాను. ఆయన నావైపు చూసి తల అడ్డంగా ఊపారు. నువ్వు చెప్పేశాక ఇంకా ఆ ఒట్టు ఏమిటో నాకు అర్థం కాలేదు. పెళ్ళాం సాక్ష్యం బామ్మర్ది సాక్ష్యం కంటే ఎక్కువ ఏం విలువ చేస్తుందన్నారు తర్వాత.

అధికారి ఇంకా రిపోర్టు రాస్తుండగానే, ఒంటిగంటకి చేపల లారీ ఒకటి గేటు ముందు ఆగింది. అందులోంచి చంకకర్రల మీద ఒక మనిషి దిగాడు. ఇద్దరు పట్టుకోబోతే వద్దన్నాడు. నన్ను చూసి, "మైకు వాళ్ళ అక్కవి నువ్వేనా? ముక్కు అదే" అని లోపలికి వెళ్ళాడు.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అయ్యా, వాడు చెప్పింది నిజం. ఫోను మోగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఊరు ఖాళీ చేయించమని వాళ్ళ బావ చెప్పాడట అని నాతో అన్నాడు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అధికారి.

"నేనూ నవ్వాను" అన్నాడు. "వాడు నవ్వాడని చెబితే, నేను నవ్వానని కూడా చెప్పాలి. నా కాలికి నేనే కారణమని మా ఆవిడకి ఎలా చెప్పను? డ్యామ్ వాడిది తప్పంటే అందరికీ సులువుగా ఉంది. నాకూ సులువుగానే ఉంది."

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. రిజిస్టరు రాత సరైనదే అన్నాడు. కాగితంలో లేని నెంబరుకి చేసినందుకు మందలింపు రాసి, ఆయన్ని మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. నీళ్ళు ఆపమన్న పై ఆఫీసు పేరు ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. కానీ ఇకమీదట తుఫాను కబురు రాగానే గేట్లు కొంచెం కొంచెంగా ముందే ఎత్తాలని ఒక ఆర్డరు వచ్చింది. ఆ గోడ మీద కాగితంలో నీ షాపు నెంబరు నాలుగోదిగా రాశారు. బతికే ఫోను అదొక్కటే కనుక. నిన్ను నమ్మి కాదు.

చుక్కానికి ఇక్కడే అన్నం పెట్టాను. లారీ వెళ్ళేదాకా ఆయనా అతనూ కిటికీ దగ్గర కూర్చుని నీటిమట్టం రాయి చూస్తూ ఉన్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు.

పక్కింటావిడ నీళ్ళ తొట్టి గురించి మళ్ళీ అడగలేదు.

అక్క


రేవు నుంచి,
మరుసటి వానాకాలం

అక్కకి,

నువ్వు ఆరు నెలలుగా ఉత్తరం రాయలేదు. నేనూ రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు. ఇవాళ రాయాల్సి వచ్చింది.

నా మైకుకి ఇప్పుడు పని తక్కువ. ఊళ్ళో పిలుస్తారు, కానీ ఏది చెప్పినా పక్కన ఇంకొకరు నిలబడి "నిజమే, నిజమే" అనాలి. సంతలో దుకాణాలు మార్చారని చెబితే కూడా ఒకడు వెళ్ళి చూసి వస్తాడు. పడతాను.

నిన్న పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది. బావే. "నాలుగు గేట్లు, ఒక్కొక్కటి రెండడుగులు. కొండల్లో వాన ఆగలేదు. ఏడు గంటల్లో మీ దగ్గరికి" అన్నాడు. ఒరేయ్ అనలేదు, బామ్మర్దీ అనలేదు. బావ చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాను. "సరే" అని పెట్టేశాడు.

కింద వీధికి వెళ్ళి మైకులో చెప్పాను. ఒక్కసారే చెప్పాను. జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. ఎండ కాస్తోంది, వాన లేదు. మంగలి "ఈసారి ఎవరి కాలు?" అన్నాడు. నవ్వుతూ అనలేదు. మళ్ళీ చెబుదామని మైకు ఎత్తాను, దించేశాను. ఇంతకాలం అబద్ధాలకి ఖంగుమన్న గొంతుని ఎవరు నమ్ముతారు?

చుక్కాని రేవులో పడవకి తారు పూస్తున్నాడు. విచారణ తర్వాత నాతో పది మాటలు మాట్లాడి ఉండడు. కుంచె డబ్బాలో వేసి మూత పెట్టాడు, చంకకర్రలు తీసుకున్నాడు. ముందు పడవని పైకి లాగించాడు, నాతోనే లాగించాడు. తర్వాత గట్టు మీదికి నడవడం మొదలుపెట్టాడు. కర్రలు బురదలో దిగబడుతుంటే పీక్కుంటూ వెళ్ళాడు. వాడి వెనక వాళ్ళావిడ వెళ్ళింది. ఆమె వెనక వలల పిన్ని, చంకలో కొత్త మేకపిల్లతో. ఆ తర్వాత తలుపులు వరసగా మూసుకున్నాయి, వీధంతా కదిలింది. మంగలి తన కుర్చీ కూడా మోసుకొచ్చాడు.

గట్టు మీద చుక్కాని పక్కన కూర్చున్నాను. "నన్ను నమ్మావురా" అన్నాను.

"నిన్ను నమ్మి లేవలేదు" అన్నాడు. "ఆ ఫోనులో ఉన్న మనిషిని నమ్మి లేచాను. జరుగు, కర్ర పెట్టుకోవాలి."

జరిగాను.

బావకి రిజిస్టరులో రాసుకోవడానికి పనికొస్తుందని ఈ సంగతి రాస్తున్నాను: నీళ్ళు నాలుగూ పదికి వచ్చాయి. కింద వీధిలో మోకాలి లోతు. ఇళ్ళల్లో ఎవరూ లేరు.

తమ్ముడు